రెండు సున్నాలు, ఒక వాలుగీత

రిచ్చీ వీధిలో మూడో సందు,
మెట్ల కింద నా బల్ల.
అద్దం పగిలినవీ, నీళ్ళలో పడినవీ,
ఊపిరి బిగబట్టి ఉబ్బిన బ్యాటరీలూ
సూళ్ళూరుపేట బండి దిగి నేనొచ్చేసరికే
వరసలో నిలబడి ఉంటాయి.

ఆమె తెచ్చింది మాత్రం జబ్బులేని ఫోను.
"నైనా, బొమ్మే కనపడతావుండాది,
లెక్క కనపడటంలే.
సగం ఉండాది గదా అనుకుంటా, సచ్చిపోతాది.
పక్కింటి పిల్లదాని ఫోన్లో అంకె వస్తాది,
నా దాంట్లో రాదా?"

చెన్నపట్నం మధ్యలో ఆ 'నైనా' వినపడి
చేతిలో సాల్డరింగు కడ్డీ పక్కన పెట్టాను.
పేరు చెంగాళమ్మ, మా ఊరి అమ్మవారి పేరే.
పుట్టింది పుళియంతోపులో,
తెలుగు నోటికే వచ్చు, కంటికి రాదు.
పెద్దాసుపత్రిలో రాత్రి డ్యూటీ.
పక్కలు మార్చడం, బేసిన్లు కడగడం,
ఎవరైనా మూలిగితే "ఊఁ" అనడం.

సెట్టింగుల్లోకి వెళ్ళి, బ్యాటరీలోకి వెళ్ళి
చిన్న మీటొకటి ఎడమనుంచి కుడికి జరిపాను.
అంతే పని.
పైన మూలన అరవై మూడు వెలిగింది.
రేషను కొట్టువాడు మొదటిసారి
కాటా ముల్లు తనవైపు తిప్పినట్టు
ఆమె మొహమంతా విప్పారింది.
"ఎంతియ్యాల?"
దీనికి డబ్బులేందమ్మా, అన్నాను.

తొమ్మిదోరోజు మళ్ళీ వచ్చింది.
కళ్ళకింద నలుపు.
"తీసెయ్ నైనా."

ఫోను బల్లమీద బోర్లించి,
నా స్క్రూడ్రైవర్లతో మాట్లాడుతున్నట్టు చెప్పింది:

"ఆడ మంచాల పక్కన చిన్న టీవీలుంటాయి.
వాటిల్లోనూ ఇదే గుర్తు.
పైనొక సున్నా, కిందొక సున్నా, మధ్యన వాలుగీత.
నేను చదువుకోలా. నా కంటికది
తలవైపు ఎత్తిన మంచం మాదిరుంటాది,
తలకాడొకరు, కాళ్ళకాడొకరు.
తొంభై ఆరంటే నర్సమ్మ నవ్వతాది.
ఎనభై ఎనిమిదికి నడక మారతాది.
డెబ్బైకి పరిగెత్తతారు.
ఆ తర్వాత
తెర లాగమని నన్ను పిలస్తారు.

రాత్రంతా ఆ అంకెలు దిగటం చూసి
తెల్లారి బస్సెక్కి దీన్ని తీస్తే
ఇందులోనూ దిగతానే ఉండాది.
ముందే నయం.
లారీ నీళ్ళు పట్టిన బిందె మాదిరి,
మూత తీస్తే ఉండాయి, లేవు, అంతే.
ఇప్పుడు ముప్పై ఒకటి ముప్పై అయితే
ఏడుపొస్తాది నైనా.
ఫోనుకెవరన్నా ఏడస్తారా?"

"వైరు పెడితే మళ్ళీ నూరవుతుంది గదమ్మా"
అనేశాను.
అన్నాక నాలుక కరుచుకున్నాను.

"అవును," అంది. "దీనికవుతాది."

మీటను కుడినుంచి ఎడమకు జరిపాను.
అంకె పోయింది. చార్జింగు పోలేదు.
ఎంతుందో అంతే ఉంది,
మా ఇద్దరికీ చెప్పకుండా.

ఈసారి ఎంతియ్యాలని అడగలేదు.
కాయితంలో చుట్టిన క్యాంటీను బన్ను
పాత బ్యాటరీల డబ్బా పక్కన పెట్టి పోయింది.
నేను చూసేసరికి
డబ్బాలో ఉబ్బినవాటికీ దానికీ
పెద్ద తేడా కనపడలేదు.

రాత్రి బండి గుమ్మిడిపూండి దాటింది.
ఎదురు సీటాయన ఫోనులో అరుస్తున్నాడు:
"నాలుగే ఉండాది, నాలుగు! తొందరగా చెప్పు!"
అవతలివాళ్ళు ఏం చెప్పారో గానీ
గొంతు తగ్గించాడు.
కిటికీవైపు తిరిగాడు.
"ఊఁ" అన్నాడు. కాసేపాగి, మళ్ళీ "ఊఁ".

బన్ను తింటూ లెక్కపెట్టడం మొదలుపెట్టి
ఎక్కడో తప్పిపోయాను.
తడ వచ్చింది, ఇద్దరు దిగారు, బండి కదిలింది.
ఆయన ఇంకా "ఊఁ" అంటూనే ఉన్నాడు.